మెయిన్ రేసు జరగలేదు, చిన్న కార్లే రోజును కాపాడాయి: హుస్సేన్ సాగర్ పక్కన మా తమ్ముడితో ఒక ఫార్ములా 4 వారాంతం

2022 నవంబర్ 19, 20. గోదావరిఖని నుంచి మా తమ్ముడు పొద్దున్నే రామగుండంలో ట్రైన్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాడు. అప్పుడు వాడు ఇంటర్ సెకండియర్. ఫోన్‌లో రేసింగ్ గేమ్ లేకుండా అన్నం కూడా తినడు. బ్యాగులో రెండు పవర్ బ్యాంకులు, నోట్లో ఒకటే మాట: "అన్నా, గేమ్ల చూసిన కార్లు గిప్పుడు మన ట్యాంక్‌బండ్ పక్కన ఉరుకుతయి గదా!"

ఉరికాయి. కాకపోతే మేం అనుకున్న కార్లు కాదు.

ఏ ఎఫ్4? ముందు ఇది తేల్చుకుందాం

ఆ వారాంతం పోస్టర్ మీద ఉన్నది ఇండియన్ రేసింగ్ లీగ్. అందులో ఇటలీ తయారీ వోల్ఫ్ జీబీ08 థండర్ కార్లు, 1100 సీసీ ఏప్రిలియా ఇంజన్, దాదాపు 220 హార్స్ పవర్. మన హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీమ్‌లో లె మాన్ గెలిచిన నీల్ జానీ, హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి. కానీ ప్రాక్టీసులో ప్రమాదం, ఆలస్యాలు, పైగా తగ్గిపోతున్న వెలుతురు. ఆదివారం లీగ్ రేసులు జరగనేలేదు. ట్రాక్ మీద రేసంటూ చూసింది జేకే టైర్ జాతీయ ఛాంపియన్‌షిప్‌లోని ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లనే.

చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. ఎల్‌జీబీ ఫార్ములా 4 మన దేశవాళీ క్లాస్. కోయంబత్తూరులో పుట్టింది, మారుతి సుజుకి ఇంజన్‌తో నడుస్తుంది. ఎఫ్ఐఏ ఫార్ములా 4 వేరు. 2014లో మొదలైన అంతర్జాతీయ క్లాస్ అది, కనీస వయసు 15. ఇండియన్ ఛాంపియన్‌షిప్‌లో వాడేది ఫ్రాన్స్ కంపెనీ మైగేల్ చేసిన కారు: కార్బన్ ఫైబర్ షెల్, డ్రైవర్ తల మీద హేలో. కార్టింగ్ తర్వాత ఎఫ్4, ఎఫ్3, ఎఫ్2, ఆ పైన ఎఫ్1. నిచ్చెన అది. పేరు ఒకటే, మెట్లు వేరు.

స్ట్రీట్ సర్క్యూట్ అంటే ఏంటి?

ఎన్టీఆర్ మార్గ్, సెక్రటేరియట్ పక్క, ఐమ్యాక్స్ వైపు. రోజూ బైక్ మీద పోయే రోడ్డే. దాదాపు 2.8 కిలోమీటర్ల ల్యాప్. రెండు పక్కలా కాంక్రీట్ బ్లాకులు, వాటి మీద ఇనుప కంచె. మామూలు ట్రాక్ మీద తప్పు చేస్తే గడ్డిలోకో కంకరలోకో పోతారు. ఇక్కడ తప్పుకు ఒకటే జవాబు, గోడ. కార్లు తిరిగిన దారి రబ్బరు పట్టి నల్లబడుతుంది, అడుగు పక్కకు పోతే దుమ్ము. అందుకే చిన్న కార్లయినా చూస్తుంటే గుండె ఆగుతుంది. పవర్ తక్కువ కాబట్టి గుంపుగా, ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి.

ఫోన్‌తో తీయొచ్చా?

తీయొచ్చు, కానీ ఆటో మోడ్‌తో కాదు. లెక్క చూడండి. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. షటర్ 1/60 పెడితే, అది తెరిచి ఉన్నంతసేపట్లో కారు 83 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1/1000 పెడితే 5 సెంటీమీటర్లు. నేను నేర్చుకున్నవి:

- ప్రో మోడ్‌లో 1/1000 లేదా అంతకంటే వేగం. కారుతోపాటు ఫోన్ తిప్పుతూ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలంటే 1/125 దగ్గర ట్రై చేయండి.
- ఆటో ఫోకస్ కంచెనే పట్టుకుంటుంది. కారు రాకముందే రోడ్డు మీద నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి.
- సెన్సర్ ఫొటోను వరస వరసగా చదువుతుంది. ఆ చదవడానికి 20 మిల్లీసెకన్లు పడితే ఈలోపు కారు మీటరు పోతుంది. చక్రాలు వంకరగా రావడానికి కారణం అదే, మీ ఫోన్ పాడవలేదు.
- జనం ఎక్కువైతే నెట్ రాదు. టికెట్ స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి.

అసలు ప్రశ్న

సాయంత్రం నెక్లెస్ రోడ్డు పక్కన మిర్చి తింటుంటే తమ్ముడు మెల్లగా అడిగాడు: "అన్నా, బాపు ఇంకొన్ని రోజులల్ల దిగిపోతడు గదా. ఆ పైసలల్ల కొన్ని పెడితే నేను డ్రైవర్ కావొచ్చా?"

బాపు సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. ముప్పై ఏళ్లు మూడు షిఫ్టులు. ఆ పైసల మీద ఇల్లు, చెల్లె పెళ్లి, అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఆధారపడి ఉన్నాయి. మిర్చి చల్లారింది.

అబద్ధం చెప్పలేకపోయాను. యూరప్‌లో ఒక ఎఫ్4 సీజన్ అంటే కోట్ల మాట. అక్కడ పోటీపడేవాళ్లు చాలామంది ఎనిమిదో తొమ్మిదో ఏటే కార్టింగ్ మొదలుపెట్టినవాళ్లు. సిమ్యులేటర్ నుంచి కారులోకి పోయినవాళ్లు లేరా? ఉన్నారు. జాన్ మార్డెన్‌బరో 2011లో గేమ్ పోటీ గెలిచి రేసర్ అయ్యాడు. కానీ అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "బాపు పైసలు ముట్టొద్దురా" అన్నాను. వాడు రాత్రంతా మాట్లాడలేదు.

మర్నాడు వీడియో చూసి ఫోన్‌లో బాపు అన్నది ఒకటే: "ఆ నాలుగో పిల్లగాడు మూల తిరుక్కుంట బ్రేకు కొడుతుండు. మూలకు ముందే కొట్టాలె. మా హాల్ రోడ్డు మీద గట్ల జేస్తె బండి జారుతది." రేసింగ్ స్కూల్‌లో చెప్పే మొదటి పాఠం అదే. వంద టన్నుల బండి నేర్పింది ఆయనకు. పెద్ద ఓపెన్‌కాస్టుల్లో డంపర్లను జీపీఎస్‌తో ట్రాక్ చేసే సిస్టమ్ కూడా ఉంది. రేసు టీమ్ టెలిమెట్రీకి అది దూరపు చుట్టమే.

తర్వాత

2023 ఫిబ్రవరి 11న అదే రోడ్ల మీద ఫార్ములా ఈ జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 రేసు రద్దయింది. ఎఫ్4 స్ట్రీట్ రేసు 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వారాంతంలో చెన్నైలో, రాత్రి లైట్ల కింద నడిచింది.

తమ్ముడు మెకానికల్ బీటెక్‌లో చేరాడు. ఫార్ములా భారత్ అని ఒక పోటీ ఉంది. స్టూడెంట్లే సింగిల్ సీటర్ డిజైన్ చేసి, కట్టి, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో నడుపుతారు. 1980ల చివర్లో మారుతి ఇంజన్‌తో ఫార్ములా మారుతి కార్లు కట్టిన కరివర్ధన్ పేరు మీదున్న ట్రాక్ అది. నారాయణ్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతి నడిపే పైకొచ్చాడు.

మా మాట

జూనియర్ రేసు టికెట్ దొరికితే వెళ్లండి. స్టార్ల కోసం కాదు, మీ వయసువాళ్లు గోడకు జానెడు దూరంలో ఏం చేస్తున్నారో చూడటానికి. డ్రైవర్ సీటు ఒక్కటే. దాని వెనక ల్యాప్‌టాప్, స్పానర్ పట్టుకునే చేతులు చాలా కావాలి.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. కాలేజీ కారు వైరింగ్ పని వాడికిచ్చారట. "నడిపేది నేను కాదన్నా," అన్నాడు. కొంచెం ఆగి, "ఇంకా అడుగుతనే ఉన్న" అన్నాడు.