కీళ్ల నొప్పులకు అల్ట్రాసౌండు చికిత్స

నాట్లు ముగిసిన పిమ్మట మోకాళ్లు పట్టుకొని కూర్చుండువారు లేని ఇల్లు మన గ్రామములలో అరుదు. అట్టి సభ్యులు కొందఱు హైదరాబాదునకు పోయి, అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములందు వైద్యము చేయించుకొని వచ్చుచున్నారు. పంజగుట్టయందలి నిమ్సు ఆసుపత్రి ఏడవ నిజాము దాననిధి మూలమున ఎముకల ఆసుపత్రిగా 1964లో ప్రారంభమైనది. చుట్టుపట్ల ప్రైవేటు వైద్యశాలలును కలవు. అచ్చట మోకాలిపై గుండ్రని పిడిని రుద్దుచు చేయు చికిత్సయే అల్ట్రాసౌండు. దీనిని గుఱించి సభ్యులు మమ్ము పలుమాఱు అడిగియున్నారు.

ఇది గర్భిణులకు తీయు స్కానింగు కాదు. ధ్వని ఒక్కటియే, పని వేఱు. మన చెవికి సెకనునకు 20,000 కంపనములు దాటిన ధ్వని వినబడదు. ఈ పిడిలోనిది 10 లక్షలో, 30 లక్షలో ఉండును. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిరి. విద్యుత్తు నిచ్చినచో అదే స్ఫటికము వణకును. ఆ వణకే ధ్వనియై దేహములోనికి పోవును. 10 లక్షలది లోతునకు దిగును. 30 లక్షలది చర్మమునకు దగ్గఱగానే ఇంకిపోవును. నడుమ గాలి యున్నచో ధ్వని వెనుకకు మఱలును గనుక జిగురు మందు పూయుదురు. పిడిని ఒకచోట నిలుపక కదల్చుచుండవలెను. నిలిపినచో లోపల కాలును.

క్రొవ్వు ఈ ధ్వనిని అంతగా పీల్చుకొనదు. ఎముకలను కట్టియుంచు నరముల వంటి పట్టీలును, కీలును చుట్టియున్న సంచియును ఎక్కువగా పీల్చుకొని వెచ్చబడును. కాచిన వెదురు వంగునట్లు, వెచ్చబడిన పట్టీ కొంత సాగును. ఆ వేడి కొద్ది నిమిషములలో చల్లాఱును. కావున వెంటనే కీలును వంచి సాచు వ్యాయామము చేయనిచో చికిత్స ఫలము తక్కువ. యంత్రము పెట్టించుకొని లేచి బస్సెక్కువారు ఈ మాట గమనింపవలెను.

మఱి దీనివలన మేలెంత? 2001లో ప్రచురింపబడిన యొక పరిశీలనలో, సరిగా జరిగినవని యెంచిన 10 పరీక్షలలో 8 యందు ఇది ఉత్త యంత్రముకంటె మిన్న కాదని తేలినది. మోకాలి అరుగుదల విషయమున 2010లో వెలువడిన సమీక్ష, నొప్పి కొంత తగ్గవచ్చునని చెప్పుచునే, ఆధారము బలహీనమన్నది. అరిగిన కీలు మరల పెరుగునని యెవ్వరైన చెప్పినచో నమ్మరాదు. పదిహేను పూటలకు ముందుగనే సొమ్ము కట్టుమనుచోట మేమైతే కట్టము. తొడ కండరములను బలపఱచు వ్యాయామమునకే వైద్యులు ముందు స్థానమిచ్చుచున్నారు. దానికి ఖర్చు లేదు, ఓపిక కావలెను.

కంతి యున్నచోటను, గర్భిణుల నడుము, కడుపులపైనను, పిల్లల ఎదుగు ఎముకలపైనను ఇది తగదు. చీము పట్టినచోటను, కాలి సిరలో రక్తము గడ్డకట్టినవారికిని, గుండెకు పేసుమేకరు అమర్చినవారికిని అంతే. మధుమేహముచే పాదములు మొద్దుబాఱినవారు ముందుగనే చెప్పవలెను. వేడి తెలియక చర్మము కాలును. కృత్రిమ కీలు వేయించుకొన్నవారు పాత ఎక్సురేలు తీసికొనిపోవుట మఱవరాదు.

నిమ్సునకు పోవువారు మెట్రోలో పంజగుట్ట స్టేషనున దిగి నడచి పోవచ్చును. నాగోలు వైపునుండి వచ్చువారు అమీరుపేటలో బండి మాఱవలెను.