పదహారో అంతస్తు దిగాక

షికాగోలో స్టేట్ స్ట్రీట్ వెంబడి ఒకప్పుడు పదహారేసి అంతస్తుల సర్కారు భవనాలు 28 ఉండేవి. పేరు రాబర్ట్ టేలర్ హోమ్స్. 1962లో కట్టడం పూర్తయింది, 2007 నాటికి ఒక్కటీ మిగల్లేదు. అక్కడున్నవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి పేదలే. ఖాళీ చేసినవాళ్లలో చాలామందికి ఇంటి బదులు అద్దె వోచర్ ఇచ్చారు.

వోచర్ లెక్క పైకి తేలికే. నెలకు వెయ్యి డాలర్లు వచ్చే తల్లి సుమారు 300 కడితే, మిగతా అద్దె ప్రభుత్వం నేరుగా ఇంటి యజమానికి ఇస్తుంది. చిక్కల్లా ఆ యజమాని దొరకడమే. వోచర్ మాట వినగానే ఇల్లు ఖాళీ లేదనేవాళ్లు తక్కువేం కాదు. వెతుక్కోవడానికి మొదట ఇచ్చే గడువు 60 రోజులే కావచ్చు. దాంతో ఎక్కువ కుటుంబాలు మళ్లీ పేదల పేటల్లోనే తేలాయి. పాత భవనంలో చలికాలపు వేడి ఖర్చు అద్దెలోనే కలిసిపోయేది. ఇప్పుడు గ్యాస్ బిల్లు తల్లి పేరునే వస్తుంది. అందుకని కొంత సాయం లెక్కగట్టినా, షికాగో జనవరి ఆ లెక్కకు లొంగదు. బాకీపడి గ్యాస్ ఆగిపోతే వోచర్‌కే ముప్పు. కాసేపు పిల్లాణ్ని చూడమని అప్పగించి వెళ్దామంటే, పక్క గుమ్మంలో తెలిసిన మనిషీ ఉండదు.

ఇంత కష్టానికి ఫలం ఏమైనా ఉందా? ఆర్థికవేత్త ఎరిక్ చిన్ 1990లలో కూల్చిన షికాగో భవనాల పిల్లలను, పక్కనే కూల్చకుండా మిగిలిన భవనాల పిల్లలతో పోల్చి చూశారు. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు పెద్దయ్యాక 16 శాతం ఎక్కువ సంపాదించారు.

1994లో మొదలైన మరో ప్రయోగంలో ఐదు నగరాల కుటుంబాలకు లాటరీ వేసి, కొందరికి పేదరికం తక్కువున్న పేటల్లోనే చెల్లే వోచర్లు ఇచ్చారు. ఢిల్లీలో పుట్టిన ఆర్థికవేత్త రాజ్ చెట్టి, మరో ఇద్దరు 2015లో ఆ కుటుంబాల పిల్లల సంపాదన లెక్కలు తీశారు. పదమూడేళ్లలోపు ఇల్లు మారినవాళ్ల ఆదాయం 31 శాతం పెరిగింది. ఆ వయసు దాటి వెళ్లినవాళ్లకు మేలు లేదు సరికదా, కాస్త నష్టమే కనిపించింది. కొత్త బడి, కొత్త స్నేహాలు ఆ వయసులో అంత సులువుగా అతకవు మరి.

ఆ ప్రయోగంలో తల్లుల జీతాలు పెరగలేదు. కానీ మానసిక ఆందోళన తగ్గింది, మధుమేహమూ తీవ్ర స్థూలకాయమూ తగ్గాయి. నా దృష్టిలో ఇది జీతం కన్నా చిన్న విషయం కాదు.

అయితే ఆ ప్రత్యేక వోచర్ దక్కినవాళ్లలో సగం మంది కూడా దాంతో ఇల్లు మారలేకపోయారు.