ద్వారమున నిలిచిన మృగములు

1919 నాటి మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణములు కేంద్రమునకు రెండు సభలను కల్పింపకపోయినచో, ఢిల్లీలోని ఆ పాత పార్లమెంటు వర్తుల మహాభవనమునకు అవసరమే కలిగెడిది కాదు. వాస్తుశిల్పి హెర్బర్టు బేకరు త్రికోణ స్థలమునకు తగినట్లు మూడు బాహువుల కట్టడమును సూచింపగా, తోడి వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్సు వర్తులమే కావలెనని పట్టుపట్టి నెగ్గెను. 1921 ఫిబ్రవరి 12న కన్నాటు ప్రభువు పునాదిరాయి వేసిన ఆ భవనమును 1927 జనవరి 18న వైస్రాయి ఇర్విను ప్రభువు ప్రారంభించెను. నాడు త్రోసివేయబడిన త్రికోణమే, సుమారు శతాబ్దము గడచిన పిమ్మట, బిమల్ పటేలు రూపకల్పనమున క్రొత్త పార్లమెంటు భవనమై ఆ ప్రక్కనే వెలసి, 2023 మే 28న ప్రారంభోత్సవమును చేసికొనుట విధి పరిహాసము కాక మరేమి?

పాత భవనమునకు 144 ఇసుకరాతి స్తంభముల వలయమే ప్రధానాలంకారము. జాలకములును, నీడనిచ్చు చూరులును ఈ దేశమునుండి గైకొన్నవే యైనను, పరాయి దొర తలపాగ చుట్టుకొన్నట్లు, అవి మేనికి అంటక యున్నవి. అయినను ఆ మధ్యమందిరమున రాజ్యాంగసభ కూర్చుండెను. కర్నూలునుండి విడివడి వచ్చిన మా మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు నాడు చేరిన జిల్లాకు 1972లో పేరైన టంగుటూరి ప్రకాశం పంతులును ఆ సభలో సభ్యుడు.

క్రొత్త భవనపు ఆరు ద్వారములకు గజ, అశ్వ, గరుడ, మకర, శార్దూల, హంసల పేర్లు పెట్టి, వాని శిల్పములను నిలిపిరి. ఈ మృగములు మా మార్కాపురపు సీమవారికి క్రొత్త చుట్టములు కావు. కాని ఆలయమున ప్రతి మృగమునకును ఒక పని గలదు. గజపంక్తి అధిష్ఠానమును మోయుచున్నట్లుండును. పాలంపేట రామప్పగుడి చుట్టును తిరిగినచో ఈ సంగతి కన్నులకు కట్టును. మకరము నోటినుండి తోరణము వెడలును. గరుడుడు స్వామికి వాహనమై, ఎదుట అంజలి ఘటించి నిలుచును. విజయనగర శిల్పి శార్దూలపు పోలికగల యాళిని స్తంభముతో ఏకశిలగా మలచుటచే, దూలపు బరువంతయు ఆ మృగము వెన్నుమీదికి దిగినట్లు తోచును. మార్కాపురమున లక్ష్మీచెన్నకేశవస్వామి మండపమున చెక్కడపు కంబముల నడుమ తిరిగినవారికి ఆ సంప్రదాయము సుపరిచితమే.

రాతిని గూర్చియు మావారికి కొంత తెలియును. మార్కాపురపు పలకరాయి పొరలుపొరలుగా విడివడును గనుక బడిపిల్లల చేతి పలకయై, పిదప ఇండ్ల గోడలకును నేలలకును పరపులై దేశదేశములకు పోయినది. నిండుబొమ్మను మలచుటకు మాత్రము అది లొంగదు. అందులకు పొరలుగా వీడక నలువైపుల ఉలికి తాళు రాయి కావలెను. క్రొత్త భవనమునకు రాజస్థానమునందలి సర్మథురానుండి ఎఱ్ఱ ఇసుకరాయి వచ్చెను.

అట్టి రాయి దొరికియు, శిల్పులు నేర్పరులై యుండియు, ఆ మృగములను ద్వారములకు కావలివారుగా నిలిపి ఊరకొనిరి. తొలగించినను కట్టడము చలింపదు. ఆకృతిని తెచ్చుకొని, అది మోసిన బరువును గుడిలోనే విడిచి వచ్చిరని నా అభియోగము. ఒక్క మకరద్వారమునకు మాత్రము కాలమే పని కల్పించినది: సభలో మాట చెల్లని ప్రతిపక్షమువారు ప్లకార్డులు పట్టి గుమిగూడుటకు ఆ మెట్లనే ఎన్నుకొనిరి.