తుపాను జాడ ఏ తెరపై చూడాలి?

బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే తుపాన్లను కనిపెట్టి, వాటికి పేరు పెట్టి, చుట్టుపక్కల దేశాలకూ సమాచారం ఇచ్చే బాధ్యతను ప్రపంచ వాతావరణ సంస్థ భారత వాతావరణ శాఖకు అప్పగించింది. కాబట్టి ఇంటర్నెట్‌లో తుపాను కబురు వెతికేవారు మొదట తెరవాల్సింది ఆ శాఖ వెబ్‌సైట్‌నే. ‘మౌసమ్’ పేరుతో యాప్ కూడా ఉంది. కంటికి ఇంపుగా ఉండే పటాలు ఇతర చోట్ల దొరుకుతాయి గానీ, కలెక్టర్లు, రేవు అధికారులు నిర్ణయాలు తీసుకునేది ఈ శాఖ బులెటిన్‌ను బట్టే.

బులెటిన్ చదవడానికి కొన్ని అంకెలు తెలిస్తే చాలు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పేరు పెట్టేది అప్పుడే. అల్పపీడనం దశలోనే ఫలానా తుపాను వచ్చేస్తోందని ఫోన్లలో పేరు తిరుగుతోందంటే, ముందుగా సిద్ధం చేసిన పేర్ల జాబితా చూసి ఎవరో తొందరపడ్డారన్నమాట. వానకూ ఇలాంటి కొలతలే ఉన్నాయి. 24 గంటల్లో సుమారు 65 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115 దాటితే అతి భారీ, 204 దాటితే అత్యంత భారీ. పేరు లేనంత మాత్రాన ముప్పు లేదనుకోకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు కళింగపట్నం దగ్గర తీరం దాటింది తుపాను కాదు, వాయుగుండం.

తుపాను దారిని చూపే పటంలో అందరి చూపూ మధ్యనున్న గీత మీదే ఉంటుంది. అసలు చూడాల్సింది దాని చుట్టూ గరాటులా విచ్చుకునే నీడను. తుపాను కేంద్రం ఆ నీడలో ఎక్కడైనా ఉండవచ్చు. రోజులు పెరిగే కొద్దీ అంచనాలో తేడా పెరుగుతుంది కనుక నీడ కూడా వెడల్పవుతుంది. పైగా గీత చూపేది కేంద్రాన్ని మాత్రమే. వానలు, ఈదురుగాలులు అక్కడి నుంచి వందల కిలోమీటర్ల దాకా పాకుతాయి. తీవ్రతను ముందుగా చెప్పడం దారిని చెప్పడం కన్నా కష్టం. 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా ఆంధ్ర తీరం వైపు వచ్చిన లెహర్, సముద్రంలోనే నీరసించి, 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా తీరం దాటింది. ముందు రోజు బులెటిన్‌నే పట్టుకు కూర్చున్నవారికి ఈ మార్పు తెలియదు. అందుకే ప్రతి పటం మీదా తేదీ, సమయం చూడాలి. తుపాను దశలో బులెటిన్లు మూడేసి గంటలకు వస్తాయి. అంతర్జాతీయ సమయం వేసి ఉంటే అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

‘విండీ’ లాంటి సైట్లలో గాలులు సుడులు తిరుగుతూ కనిపిస్తాయి. అవి హెచ్చరికలు కావు. యూరప్, అమెరికా సంస్థల కంప్యూటర్ నమూనాలు లెక్కగట్టిన అంచనాలు. రెండు నమూనాలూ ఒకే మాట చెబితే కొంత నమ్మవచ్చు. పది రోజుల తర్వాత ఫలానా ఊరి మీద తుపాను కనిపిస్తోందంటే మాత్రం అది కాలక్షేపానికే. హవాయిలోని అమెరికా సైనిక తుపాను కేంద్రం ఇచ్చే గాలి వేగం మన శాఖ అంకె కన్నా తరచూ ఎక్కువగా ఉంటుంది. మనవారు మూడు నిమిషాల సగటు తీస్తారు, వారు ఒక్క నిమిషం సగటు తీస్తారు. ఈ తేడా తెలియకే మనవాళ్లు తీవ్రత దాస్తున్నారన్న పుకార్లు పుడతాయి.

తుపాను తీరానికి దగ్గరయ్యాక విశాఖపట్నం, మచిలీపట్నం రాడార్ చిత్రాలు బాగా పనికొస్తాయి. వాన మేఘాలు ఎటు కదులుతున్నదీ వాటిలో కనిపిస్తుంది. అలల ఎత్తు, ఉప్పెన ముప్పు చెప్పేది సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’. సముద్రం ఛాయలే లేని హైదరాబాద్‌లో ఉన్నా, మత్స్యకారులకు దీనికన్నా దగ్గరి సేవ లేదు. రైతులకు ‘మేఘదూత్’, పిడుగులకు ‘దామిని’ యాప్‌లున్నాయి.

ఇన్ని పెట్టుకోలేనివారికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ ఒక్కటి చాలు. వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తు సంస్థల హెచ్చరికలు అందులో ఒకేచోట దొరుకుతాయి. ఫోన్‌లో లొకేషన్ తెరిచి ఉంచితే ఉన్న ప్రాంతానికి సంబంధించినవి వస్తాయి. పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే కదలమని చెబుతాయి.

హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన 2014 అక్టోబరు 12న నగరంలో కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. కాబట్టి తీరం దాటే గడియకు ముందే చివరి బులెటిన్ చదివి, దగ్గరలోని పునరావాస కేంద్రం ఎక్కడో కాగితం మీద రాసుకుని, బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి దగ్గర ఉంచుకోవాలి.