పాత స్లాట్ మెషిన్‌ని ఇంట్లోనే రిపేర్ చేశా.. రీల్స్ వెనక అసలు కథ ఇదీ!

ఫోన్ స్క్రీన్ మార్చడం, లాప్‌టాప్‌కి కొత్త బ్యాటరీ వేయడం లాంటివి మనలో చాలామంది చేసే ఉంటారు. ఈసారి నేను పట్టుకున్న గ్యాడ్జెట్ మాత్రం కాస్త బరువైనది. దాదాపు వంద కిలోలు! 1990ల నాటి క్యాసినో స్లాట్ మెషిన్ అది. నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక్కడ ఒక పెద్దాయన తన కలెక్షన్ ఖాళీ చేస్తూ "పని చేయదు" అని చెప్పి మరీ 300 డాలర్లకు ఇచ్చేశాడు.

సరదా కోసం కొన్నానని చెబితే అది సగం నిజమే. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే మా బాబాయ్ కొడుకు ఫోన్‌లో ఒక స్లాట్ గేమ్ ఆడి 62 వేలు పోగొట్టుకున్నాడు. అందులో సగం ఫీజు డబ్బు. నేను ఫోన్ చేస్తే వాడు చెప్పిన మాట ఇది: "అన్నా, రెండు 7లు పడ్డాయి, మూడోది ఒక్క గడిలో మిస్సయింది. దగ్గరికి వచ్చేసింది, ఇంకాస్త ఆడితే పడుతుంది."

అది తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో వాడికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం రాలేదు. అందుకే మెషిన్ విప్పి చూద్దామనుకున్నా.

ముందు లీగల్ సంగతి

కాలిఫోర్నియాలో 25 ఏళ్లు దాటిన స్లాట్ మెషిన్‌ని ఇంట్లో పెట్టుకోవచ్చు, దాంతో జూదం ఆడించకూడదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు, కొనే ముందు తప్పకుండా చూసుకోండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నవాళ్లు ఇలాంటిది తెప్పించుకునే ఆలోచన పెట్టుకోవద్దు. రెండు చోట్లా 1974 నాటి గేమింగ్ చట్టాలున్నాయి. ఆన్‌లైన్ ఆటల్ని కూడా వాటి కిందకు తెస్తూ తెలంగాణ 2017లో, ఏపీ 2020లో సవరణలు చేశాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

లోపల ఏముంటాయి?

తలుపు తెరిస్తే ఎవరికైనా అర్థమయ్యే భాగాలే కనిపిస్తాయి.

రీల్స్: మూడు ప్లాస్టిక్ డ్రమ్ములు. ఒక్కోదానికి ఒక స్టెప్పర్ మోటార్. 3డీ ప్రింటర్లలో వాడే రకమే. బొమ్మలన్నీ డ్రమ్ చుట్టూ చుట్టిన ఒక స్ట్రిప్ మీద ప్రింట్ చేసి ఉంటాయి.

ఆప్టికల్ సెన్సర్: ప్రతి రీల్‌కి ఒక చిన్న రేకు ఉంటుంది. రీల్ తిరిగినప్పుడల్లా అది సెన్సర్ మధ్యలోంచి వెళ్తుంది. అక్కడి నుంచి ఎన్ని స్టెప్పులు తిప్పిందో బోర్డు లెక్కపెట్టుకుంటుంది.

కాయిన్ కంపారేటర్: ఇది నాకు బాగా నచ్చింది. లోపల ఒక శాంపిల్ క్వార్టర్ కాయిన్ బిగించి ఉంటుంది. మనం వేసిన కాయిన్‌ని కాయిల్స్ సాయంతో దానితో పోలుస్తుంది. తేడా ఉంటే బయటికి నెట్టేస్తుంది.

హాపర్: కాయిన్లు నిండిన గిన్నె, కింద తిరిగే చక్రం. గెలిస్తే ఒక్కొక్కటే లెక్కపెట్టి ట్రేలోకి విసురుతుంది.

మదర్ బోర్డు: ప్రాసెసర్, ర్యామ్, గేమ్ ప్రోగ్రామ్ ఉన్న ఈప్రోమ్ చిప్‌లు, సెట్టింగ్స్ గుర్తుంచుకోవడానికి ఒక బ్యాటరీ.

రిపేర్ ఎలా చేశానంటే..

1. మొదటి రోజు స్విచ్చే వేయలేదు. 30 ఏళ్ల పవర్ సప్లైకి నేరుగా కరెంట్ ఇస్తే ఉన్న బోర్డు కూడా పోవచ్చు. ప్లగ్ తీసే ఉంచి, ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చా. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది, చేయి పెట్టే ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి. తర్వాత బోర్డు తగిలించకుండా సప్లై ఒక్కటే ఆన్ చేసి వోల్టేజీలు సరిచూశా.

2. అసలు దొంగ బ్యాటరీ. బోర్డుకి సోల్డర్ చేసిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కారిపోయి, చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టింది. అది ఆల్కలీ కాబట్టి ముందు వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగా. తెగిపోయిన రెండు ట్రాక్‌లని సన్నని వైరుతో కలిపా. కొత్తగా సీఆర్ 2032 హోల్డర్ పెట్టా. ఇక్కడ ఒక జాగ్రత్త: పాత బ్యాటరీ రీచార్జబుల్ కాబట్టి బోర్డు దాన్ని చార్జ్ చేస్తూ ఉంటుంది. సీఆర్ 2032ని చార్జ్ చేయకూడదు, పగిలే ప్రమాదం ఉంది. అందుకే మధ్యలో ఒక డయోడ్ వేయాలి. కరెంట్ బ్యాటరీ నుంచి బోర్డుకి వెళ్తుంది, వెనక్కి రాదు.

3. ఈప్రోమ్ బ్యాకప్. ఈ చిప్‌ల పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే లోపలి డేటా చెరిగిపోతుంది, అందుకే పైన స్టిక్కర్ అంటిస్తారు. దాన్ని పీకకండి. నేను యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో చిప్‌లన్నీ చదివి కాపీ తీసి పెట్టుకున్నా. చిప్ పోతే మెషిన్ మళ్లీ బతకాలంటే ఆ ఫైలే దిక్కు.

4. రెండో రీల్ ఎర్రర్. అన్నీ బిగించి ఆన్ చేస్తే లైట్లు వెలిగాయి, రీల్స్ తిరిగాయి. రెండోది మాత్రం ఆగకుండా తిరిగి ఎర్రర్ చూపించింది. రెండు రోజులు మోటార్‌నే అనుమానించా. చివరికి చూస్తే సెన్సర్ నిండా దుమ్ము, పైగా రేకు కొద్దిగా వంగింది! దూది పుల్లతో తుడిచి రేకు సరిచేస్తే ఐదు నిమిషాల్లో సెట్ అయింది.

గెలుపు ఎవరు డిసైడ్ చేస్తారు?

1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే తయారు చేసిన లిబర్టీ బెల్‌లో అంతా స్ప్రింగులూ పళ్లచక్రాలే. మూడు రీల్స్, ఒక్కోదాని మీద 10 బొమ్మలు. అంటే మొత్తం వెయ్యి కాంబినేషన్లు. రీల్ ఎక్కడ ఆగితే అదే ఫలితం. అక్కడ మీ కళ్లు చూసేది నిజమే.

నా మెషిన్‌లో అలా కాదు. ఎవరూ ఆడకపోయినా ప్రోగ్రామ్ లోపల రాండమ్ నంబర్లు పుడుతూనే ఉంటాయి. మీరు బటన్ నొక్కిన క్షణంలో మూడు నంబర్లు తీసుకుంటుంది. ఆట అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత రీల్స్ తిరగడం ఆ ఫలితాన్ని చూపించడానికే.

ఇంకో మెలిక ఉంది. 1984లో ఇంగే టెల్నేస్ అనే ఇంజినీర్‌కి వచ్చిన పేటెంట్‌లోని ఐడియా ఇది. డ్రమ్ మీద కనిపించేవి 22 గడులే. మెమరీలో మాత్రం 64 గడుల ఊహా రీల్ ఉండొచ్చు. జాక్‌పాట్ 7కి ఆ 64లో ఒక్కటే కేటాయించి, దాని పైనా కిందా ఉన్న ఖాళీ గడులకు ఐదారు చొప్పున ఇవ్వొచ్చు.

లెక్క చూడండి. మూడు రీల్స్‌లో 22 గడులకీ సమాన అవకాశం ఉంటే మూడు 7లు పడేది 10,648 ఆటల్లో ఒకసారి. 64 గడుల ఊహా రీల్‌తో అయితే 2,62,144 ఆటల్లో ఒకసారి! కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైగా 7 లైన్ మీద కన్నా, లైన్‌కి ఒక గడి పైనో కిందో ఆగడమే ఎక్కువసార్లు జరుగుతుంది. మా తమ్ముడు చెప్పిన "ఒక్క గడిలో మిస్" అదే. దగ్గరికి రావడం అంటూ ఏమీ లేదు. అలా కనిపించడం కూడా డిజైన్‌లో భాగమే.

వీడియో కాల్‌లో చిన్న టెస్ట్

మాటలతో చెబితే నమ్మడని వాడికి వీడియో కాల్ చేశా. మూడు రీల్స్ మీది స్ట్రిప్‌లు పీకేసి, బొమ్మల్లేని తెల్ల డ్రమ్ములతో ఆడటం మొదలుపెట్టా. పదో ఆటో పదకొండో ఆటో, తెల్ల డ్రమ్ములు ఆగగానే హాపర్ గలగలమని ఐదు కాయిన్లు విసిరింది. మెషిన్‌కి బొమ్మలు అక్కర్లేదు. అది వాటిని ఎప్పుడూ చూడలేదు, దానికి తెలిసింది స్టెప్పుల లెక్కే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను ఇన్నాళ్లూ చూసింది స్టిక్కర్‌నా అన్నా?" అన్నాడు.

ఇంకో తేడా కూడా చెప్పా. నెవాడాలో ఇలాంటి మెషిన్లకు రెగ్యులేటర్ అనుమతి ఉండాలి, సగటున కనీసం 75 శాతం తిరిగిచ్చేలా ప్రోగ్రామ్ ఉండాలి. అంత నిఘా ఉన్నా చివరికి మిగిలేది క్యాసినోకే. ఫోన్‌లోని యాప్‌కి విప్పి చూడటానికి తలుపే లేదు. లెక్కలన్నీ ఎక్కడో ఉన్న సర్వర్‌లో జరుగుతాయి.

ఖర్చెంత? ట్రై చేయొచ్చా?

మెషిన్‌కి 300, విడిభాగాలకి 70, ప్రోగ్రామర్‌కి 60 డాలర్లు. ఆరు వీకెండ్లు పట్టింది. సోల్డరింగ్ చేయి తిరిగి, మెయిన్స్ కరెంట్ అంటే భయభక్తులు ఉన్నవాళ్లే ముట్టుకోండి. అవి లేకపోతే పాత రేడియోతో మొదలుపెట్టడం మంచిది.

నాకు ఎంబెడెడ్ సిస్టమ్స్ గురించి ఏ కోర్సూ నేర్పనంత ఇది నేర్పింది. ఇప్పుడు గ్యారేజ్‌లో ఒక మూల వెలుగుతూ ఉంటుంది. పిల్లలు కాయిన్లు వేసుకుని ఆడుకుంటారు, మళ్లీ హాపర్‌లోంచి తీసుకుంటారు.

ఆ యాప్ తీసేశావా అని తమ్ముడిని నేను అడగలేదు. వారం తర్వాత వాడే ఫోన్ చేసి ఈప్రోమ్ ఫైల్ పంపమన్నాడు. నాలుగు రాత్రులు కూర్చుని రీల్ టేబుల్ ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. మూడు రీల్స్‌లోనూ 7కి ఉన్నది ఒక్కటే నంబర్ అని మెసేజ్ పెట్టాడు. కింద ఇంకో లైన్: "అన్నా, బాబుకి ఫీజు సంగతి చెప్పేశా."

మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఇలా ఇరుక్కుంటే తిట్టడం కన్నా ముందు లోపల ఏం జరుగుతుందో చూపించండి. మానసికంగా కుంగిపోతుంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.