రైలుబండికి అరుగెంత?

అన్నవరం స్టేషనులో దిగినవారికి ఒక అనుమానం రాక మానదు. కిందటి కార్తీకంలో వ్రతానికి తీసుకువెళితే మా పెద్దమ్మ అడగనే అడిగింది: “ఇంత చిన్న ఊరికి ఇంత పొడుగు ప్లాటుఫారం ఎందుకురా?” ఆవిడ మోకాళ్ళ నొప్పులతో చివరిపెట్టె నుంచి నడిచి వస్తోంది మరి!

ప్లాటుఫారాన్ని నేను అరుగు అంటాను. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడి చాదస్తమనుకోండి. వీధి అరుగు ఇంటిని బట్టి ఉంటుంది. రైలు అరుగు ఊరిని బట్టి కాదు, ఆగే బండిని బట్టి ఉంటుంది. ఈనాటి పెట్టె ఒక్కొక్కటి దాదాపు 24 మీటర్లు. అలాంటివి 22 పెట్టెలూ, ముందొక ఇంజనూ కలిస్తే అర కిలోమీటరు దాటుతుంది. విజయవాడలో ఆగినా, రత్నగిరి స్వామి పుణ్యమా అని అన్నవరంలో ఆగినా ఆ బండి పొడవు తగ్గదు గదా! బెజవాడ నుంచి కటకం దాకా ఈ దారి వేసింది 1893-96 మధ్య. అప్పటి బండ్లు వేరు, ఇప్పటి బండ్లు వేరు. పెట్టెలు పెరిగినకొద్దీ అరుగులూ సాగక తప్పదు.

సాగకపోతే కష్టం ఎవరికి? రిజర్వేషను లేని పెట్టెలు సాధారణంగా బండికి ఆ కొసా ఈ కొసా ఉంటాయి. అరుగు చాలనినాడు కంకరలోకి దిగవలసినవారు ఆ పెట్టెలవారే. పెట్టె గడప పట్టాలకు మీటరు పైచిలుకు ఎత్తు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, వెనక ముసలితల్లి. బండి ఆగేదేమో నిమిషమో, రెండో.

ఇక కిలోమీటరు దాటిన అరుగుల సంగతి వేరు. మనవాళ్ళెందరో రైల్వే కొలువులకు వెళ్ళి తరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూరులో అరుగు 1072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం చెప్పుకొన్నారు. 2013లో గోరఖ్‌పూరు 1366 మీటర్లతో దాన్ని మించింది. నిజానికి ఇవి ఒక్కొక్కటీ రెండేసి అరుగులు, ఒకదాని కొసన ఒకటి అతికినట్టు. నంబర్లు కూడా రెండే. మధ్యలో పట్టాలు కత్తెరలాగా పక్కదారిని కలుస్తాయి. అందుచేత ముందు బండి కదిలేదాకా వెనకబండి కాచుకొని ఉండనక్కరలేదు. పక్కకు జాగా లేని జంక్షనులో ఇదొక ఉపాయం. కర్ణాటకలోని హుబ్బళ్ళిలో 2023 మార్చిలో 1507 మీటర్ల అరుగు ప్రారంభించారు. దాని మీదినుంచి ఒకేసారి రెండు బండ్లు రెండు దిక్కులకూ బయలుదేరవచ్చు.

ఇంజనీర్ల తెలివిని మెచ్చుకోవలసిందే. కాని చాలా స్టేషనుల్లో అరుగు సాగినంతగా పైకప్పు సాగలేదు. రేకుల నీడా, మంచినీళ్ళ కుళాయీ, కూర్చునే బల్లా మధ్యనే ఉంటాయి. వైశాఖపు ఎండలో స్వామివారి కల్యాణానికి వచ్చి చివరిపెట్టెలోంచి దిగినవారికి అవి కనిపిస్తూనే ఉంటాయి, చాలా దూరాన.