అన్నం ముద్దయితే తప్పెవరిది?

పెళ్ళయిన మొదటి సంక్రాంతికి మా ఆవిడ వండిన అన్నం ముద్దయింది. ఎసరు మా అమ్మ చెప్పిన కొలతే, గ్లాసుకు రెండున్నర. అయినా అమ్మ పదిమంది చుట్టాల ముందు, "ఎసరు పెట్టడం రాని పిల్లను తెచ్చుకున్నాం" అనేసింది. మా ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను విస్తరి వంక చూస్తూ కూర్చున్నాను. ఇరవై యేళ్ళయినా ఆ మాట మా యింట్లో చల్లారలేదు.

మొన్న మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడితో ఈ సంగతి అన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, ఆవిడ నేం అడుగుతారు? బియ్యపుగింజ నడగండి" అన్నారు.

బియ్యంలో అధికభాగం పిండిపదార్థమే. గ్లూకోజు పూసలనుకుంటే, పిండి ఆ పూసలు గుచ్చిన దండ. ఈ దండలు రెండు రకాలు. అమైలోజు ఇంచుమించు కొమ్మలు లేని దారం. అమైలోపెక్టిను ఇరవై, పాతిక పూసల కొక రెమ్మ వేస్తూ పోయే గుబురు చెట్టు. అన్నం తీరు చాలావరకు వీటి పాళ్ళను బట్టే ఉంటుంది. అమైలోజు నూటికి 25 పాళ్ళు మించితే అన్నం పొడిపొడిగా ఉడికి, చల్లారితే గట్టిపడుతుంది. 20కీ 25కీ నడుమ ఉంటే మెత్తగా ఉంటూనే మెతుకు విడుతుంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఈ కోవలోదే. 2 పాళ్ళ లోపయితే అస్సాం వాళ్ళు పిండివంటలు చేసుకునే జిగురు బియ్యం.

మిత్రుడు చల్లార్చిన గంజిలో అయొడిను చుక్క వేసి చూపించారు. మన బియ్యం గంజి ముదురు నీలమైంది. జిగురు బియ్యం గంజి ఎర్రబారింది. నీలం అమైలోజు జాడ అట.

"మరి మా పొలం బియ్యమే వేసవి దాటాక చక్కగా విడివిడిగా ఉడుకుతాయే!" అన్నాను.

"నిలవలో అమైలోజు పాళ్ళు పెద్దగా మారవు. గింజలోని మాంసకృత్తులూ, కొవ్వులూ మారి గింజకు బిగువొస్తుంది. అందుకే పాతబియ్యం ఎక్కువ నీళ్ళు పీల్చినా చితకవు. కొత్తబియ్యానికి ఆ బిగువుండదు. ఎసరు తగ్గించాలి."

అప్పుడు తట్టింది నాకు. సంక్రాంతికి మా యింట దంచినవి కొత్త ధాన్యం. అమ్మ చెప్పిన కొలత పాతబియ్యానిది.

ఇంటి కొచ్చి ఇదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళి, "అమ్మాయీ, కొత్తబియ్యం వచ్చాయి. ఎసరు అరగ్లాసు తగ్గించు. ఆ సంగతి ఆనాడే నేను చెప్పవలసింది" అంది.

మా ఆవిడ, "అలాగే అత్తయ్యా" అని, నావైపు ఒక చూపు చూసింది. ఆనాడు మాట్లాడవలసింది అమ్మ ఒక్కతే కాదు కదా!